మేక పలికిన పేజీ

జగిత్యాల, లేడీస్ హాస్టల్
జూలై, ఆదివారం

చిన్నమ్మా,

ఉత్తరం చూసి ఎవలో పోయిండ్రనుకోకు. అందరం మంచిగనే ఉన్నం. ఇక్కడ ఫోన్ ఉంచుకోనియ్యరు. ఆదివారం వార్డెన్ మేడం తన ఫోన్ ఇస్తది గని వెనకాల లైను ఉంటది, నేను మాట్లాడేదంత అందరు వింటరు. అమ్మతోని "తిన్న, మంచిగున్న" అని ఇచ్చేస్త. గందుకే నీకు రాస్తున్న. నా తెలుగు చూసి నవ్వకు. మా ఇంగ్లిష్ మీడియం స్కూల్ల తెలుగు పీరియడ్ అంటె అందరు టిఫిన్ డబ్బాలు తీసేటోళ్లు.

ఒక పని చేసిన, తిట్టకు. కాలేజీ ఆఫీసుల నా గార్డియన్ నంబర్ మార్పించిన. అమ్మది తీపిచ్చి నీది పెట్టిచ్చిన. ఎవరన్న ఫోన్ చేస్తె నువ్వే మాట్లాడు. అమ్మకు చెప్పకు. అమ్మ నాన్నకు చెప్తది, నాన్న మస్కట్ల డ్యూటీ మీదనే పరేషాన్ అయితడు.

సంగతి ఏందంటె, హాజరు. ప్రతి పీరియడ్ల సార్ పేర్లు పిలుస్తడు. నా పేరు వచ్చినప్పుడు నాకు గొంతు వస్తలేదు. నోరు తెరుస్త. గాలి వస్తది, మాట రాదు. క్లాసుల మస్తు మందిమి, ఫిజిక్స్ చెప్పే సాయినాథ్ సార్ అయితె తల కూడ ఎత్తడు. సప్పుడు రాకపోతె ఆబ్సెంట్ వేసి కింది పేరుకు పోతడు. నేను మొదటి బెంచీల, ఆయన కండ్ల ముంగట్నే ఉంట, కాయితం మీద మాత్రం ఉండ. ఇట్లనే అయితె అటెండెన్స్ సరిపోదు, పరీక్షకు కూసోనియ్యరు, సంవత్సరం మొత్తం పోతది.

గొంతు ఎందుకు రాదో అడగకు. అది ఒక్కటి అడగకు.

హాస్టల్ కిటికీలకెళ్లి చూస్తె ఎదురుంగ ఒక డాబా. దాని మీద ఒక తాత పావురాలను సాదుతడు. పొద్దుగూకేటప్పుడు ఆకాశం దిక్కు చూసుకుంట "ఆవో... ఆవో..." అంటడు. ఎక్కడెక్కడో ఉన్న పావురాలు తెల్లగ మెరుసుకుంట తిరిగివస్తయి. నేను రోజు చూస్త.

నీ జంతువుల పుస్తకం ఎంత దాక వచ్చింది?

సృజన


సిరిసిల్ల
ఆగస్టు, ముసురు పట్టిన రోజు

బిడ్డా సృజనా,

పోస్టుమన్ నీ కవరిచ్చిపోతె మీ చిన్నాయన వీరేందర్ దాన్ని ముట్టనే ముట్టలే. "ఏం నోటీసో, నువ్వే ఇప్పు" అన్నడు. నీ చేతిరాత చూసినంక నవ్విండు. "గీ కాలంల ఉత్తరం రాసేటోళ్లు ఇద్దరే, కోర్టోళ్లు, మన సృజన" అన్నడు.

అడగద్దన్నవు, అడగ. ఫోన్ వస్తె మాట్లాడుత. గని దసరా దాకనే నా నోరు కట్టుకుంట. అక్కకు నేను అబద్ధం చెప్పలేనే, నా మొకం చూస్తె ఆమెకు తెలుస్తది. సెలవులల్ల ఇంటికి పోయినప్పుడు నువ్వే చెప్పుకోవాలె.

పుస్తకం సంగతి అడిగినవు. ఏం చెప్పాలె! నువ్వు పుట్టకముందుకెళ్లి నేను చీరల అంచులకు బొమ్మలు గీసిన గద. గ్రాఫ్ కాయితం మీద గడి గడి నింపి, ఏనుగు, నెమలి, హంస. అవి సాంచల మీద, మన కరెంటు మగ్గాల మీద, నేస్తె ఎన్ని ఊర్లు తిరిగినయో. ఇప్పుడు ఆ పనంత కంప్యూటర్ చేస్తున్నది. పోయినేడు ఎగ్జిబిషన్ల నా కాయితాలు చూసి హైదరాబాద్‌ల పిల్లల పుస్తకాలు వేసే దివాకర్ సార్ అడిగిండు, "మన ఇండ్లల్ల ఉండే జంతువులు గీసియ్యి అమ్మా, మాటలు తక్కువ ఉండాలె, బొమ్మలే మాట్లాడాలె" అని. గీసిచ్చిన. బర్రె, కోడి, కుక్క, పిల్లి, పావురం, మ్యాక. మొన్న ఫోన్ చేసిండు.

"రాజమణి గారు, చాలా అందంగా ఉన్నయి. కాని ఇవి ఇంకా చీర మీదనే నడుస్తున్నయి" అన్నడు.

కోపం వచ్చింది. తర్వాత అన్నిటిని నేల మీద పరిచి చూసిన. నిజమే బిడ్డా! అన్ని ఒక్కదిక్కే చూస్తున్నయి. అన్నిటికి ముందటి కాలు లేసే ఉన్నది. ఒకదాని తోకెంబడి ఒకటి. మా పనిల ఒక కట్టడి ఉంటది, అంచుల జంతువు తల తిప్పొద్దు. తిప్పితె ఎనకదాని మూతికి తగుల్తది, నేత కలువది. గన్నేండ్లు తల తిప్పని జంతువులను గీసిన చెయ్యి ఇది. గడులు లేని తెల్ల కాయితం చూస్తె నాకు కండ్లు తిరుగుతయి.

ఈ ఏడాది లోపట మల్ల గీసియ్యమన్నడు, లేకపోతె ఆ పుస్తకం వదిలేసుడే అన్నడు. గీ కవర్ల బర్రె బొమ్మ పెట్టిన. చూసి చెప్పు, ఏం కరువైందో.

నీ చిన్నమ్మ
రాజమణి


జగిత్యాల
ఆగస్టు ఆఖరు

చిన్నమ్మా,

బర్రె మస్తు అందంగ ఉన్నది. గని కోపానికి రాకు, మా యూకేజీల గోడకు చార్ట్ ఉండేది, "డొమెస్టిక్ యానిమల్స్" అని. గట్లున్నది. ఫోటో దిగుడానికి నిలవడ్డట్టు.

నీ ఉత్తరం వచ్చినకాన్నుంచి నేను పావురాలను వేరే తీరుగ చూస్తున్న. తాత "ఆవో" అన్నంక పావురం ఎంటనే రాదు చిన్నమ్మా. మొదలు మెడ మీద ఈకలు లేస్తయి. తల కొంచెం పక్కకు వంగుతది. గాలిల ఎగిరేది కూడ ఒక్కసారి ఆగినట్టు అయితది, రెక్కలు అట్లనే ఉంటయి, ఏదో యాదికి వచ్చినట్టు. ఆ తర్వాతనే తిరుగుతది. ఆ కొంచెం సేపు, అది పోతనే లేదు, వస్తనే లేదు. నాకు అప్పుడే అది నిజమైన పావురం అనిపిస్తది. ముందు, తర్వాత, ఉట్టి పక్షే.

నీ జంతువులను ఎవ్వలు పిలుస్తలేరేమో. గదే కరువైందేమో. పిలిచినప్పుడు గీస్తె ఎట్లుంటది?

ఊకెనే అనిపించింది. తప్పైతె వదిలేయ్.

హాజరు అట్లనే ఉన్నది. నా ముంగటి పేరు మానస. "మానస" అనంగనే నేను కిటికీ దిక్కు చూస్త. పావురాలు ఉంటె చూస్త. లేకపోతె ఆకాశం చూస్త. సార్ "సృజన" అంటడు. తర్వాత ఇంకో పేరు అంటడు. మధ్యల ఏం లేదు.

సృజన


సిరిసిల్ల
సెప్టెంబర్, కరెంటు పోయిన పగటిపూట

బిడ్డా,

తప్పు కాదే పిల్లా. నీ ఉత్తరం చదివి చెప్పులేసుకొని మా గల్లీ చివర పాలామె ఇంటికి పోయిన. ఆమె బర్రె దూరంగ తుమ్మచెట్టు కింద పండుకొని నెమరేస్తున్నది. "ఒకసారి పిలువవా దాన్ని" అన్న. "ఎందుకక్కా, ఇంకా పాలు పిండే యాళ్ల కాలే, తిడ్తది నన్ను" అన్నది. బతిమిలాడితె పిలిచింది. "గౌరీ... హోవ్... గౌరీ..." అని ఆ పిలుపు ఎంత పొడుగున్నదో, మధ్యల సాగి, వంగి, గాలికి ఊగుకుంట పోయింది.

ముందుగాల నోరు ఆగింది. నెమరేసేది ఆపింది. తర్వాత ఒక్క చెవి, ఒక్కటే, మెల్లగ తలుపు తెరిచినట్టు ఇటు తిరిగింది. మెడ తిరగలే, కన్ను తిరగలే. వచ్చుడా వద్దా అని ఆలోచన చేస్తున్నది. ఆ ఆలోచన నాకు కనవడ్డది! ఇంటికి వచ్చి తెల్ల కాయితం మీద గీసిన. కండ్లు తిరగలే. మొదటిసారి నా చేతిలకెళ్లి ఒక బర్రె అంచు దాటి కిందికి దిగింది.

ఇంకో ముచ్చట. బొమ్మ అయింది గని పిలుపు ఎట్ల గీస్తరు? పిలిచే మనిషిని గీస్తె పిల్లలు మనిషినే చూస్తరు. అక్షరాలల్ల రాద్దామంటె ఆ "హోవ్" అక్షరాలల్ల వడ్తలేదు. గప్పుడే కరెంటు పోయింది. గల్లీల సాంచలన్ని ఒక్కసారి ఆగినయి. గా సప్పుడు ఆగినప్పుడు సిరిసిల్ల ఎట్లుంటదో నీకెరుకే గద, చెవులల్ల నీళ్లు పోయినట్టు ఉంటది. నా యేలికి తెగిన పోగు ఒకటి చుట్టుకొని ఉన్నది. దాన్ని ఇప్పి కాయితం మీద వదిలిన. ఎడమదిక్కు కొసకెళ్లి సాగి, కొంచెం కిందికి వంగి, బర్రె చెవి దాక పోయింది. అదే గౌరీని పిలిచిన పిలుపు. సూదితోని కుట్టేసిన.

దివాకర్ సార్‌కు ఫోటో పంపిన. జవాబు ఒక్కటే ముక్క, "మిగిలినవి కూడ పిలువండి" అని.

సెలవులల్ల కోరుట్లకు పోయినప్పుడు నువ్వు చూసి రాయి బిడ్డా. కోడి, కుక్క, పిల్లి, మీ అమ్మమ్మ సాదే మ్యాక. పిలిస్తె ముందుగాల ఏం తిరుగుతదో రాయి. నీ కండ్లు మంచిగున్నయి.

అక్కకు చెప్పుడు మర్చిపోకు.

రాజమణి


కోరుట్ల
అక్టోబర్, బతుకమ్మ సెలవులు

చిన్నమ్మా,

రాసుకో.

కోడి: అమ్మమ్మ నూకలు పట్టుకొని "బో బో బో" అంటది, పొట్టి పొట్టిగ, టైపు కొట్టినట్టు. కోడి ఎంటనే ఉరుకదు. ఒక కాలు పైకెత్తి అట్లనే ఆగుతది, కాలివేళ్లు ముడుసుకుంటది. ఆ తర్వాత ఉరుకుడే, మెడ ముందు, ఒళ్లు ఎనుక.

కుక్క: మా గల్లీ కుక్కకు ఎన్ని పేర్లో. కిరాణా ఆయన "టైగర్" అంటడు, అమ్మమ్మ "ఓ దొంగా" అంటది, పక్కింటి పిల్లలు "రాజు" అంటరు. అన్నిటికి తోక ఊపుతది. దానికి ఏ పేరైన ఒకటే. దానికి దారాలు ఎక్కువ పెట్టాలె, అన్ని దిక్కులకెళ్లి.

పిల్లి: పిలిస్తె చూడదు. అమ్మ ఎంత పిలిచిన బీడీ ఆకుల చాటల కండ్లు మూసుకొని పంటది. గని పాలగిన్నె మూత జర సప్పుడైతె చెవులు రెండు లేస్తయి. "నా గొంతుకన్న ఆ మూతకే ఇజ్జతెక్కువ" అని అమ్మ నవ్వింది.

నిన్న మధ్యాహ్నం అమ్మ బీడీలు చుట్టుకుంట కూసుంటె నేను పక్కన పండుకున్న. కత్తెర సప్పుడు, తంబాకు వాసన, కల వచ్చింది. జంతువులన్ని మన ఇంటి మీదికెళ్లి పోతున్నయి, ఒక్కోదాని చెవికి ఒక్కో దారం. బర్రె కూడ తేలుకుంట పోతున్నది, కడుపు కింద మబ్బు. నాకు కూడ ఒక దారం ఉన్నది. దాన్ని పట్టుకొని పోయిన, పోయిన, కోరుట్ల దాటి, పసుపు చేన్లు దాటి. అటు కొస ఎవరి దగ్గర ఉన్నదో కనవడలే. లేచేసరికి అమ్మ అన్నానికి పిలుస్తున్నది. "సృజ్జీ" అన్నది. బీరువ అద్దంల చూసుకున్న. తల తిరిగింది. నోరు తెరవలే.

అమ్మకు చెప్పలే చిన్నమ్మా. చెప్దామనుకున్న. వీడియో కాల్ల నాన్న ఉండె, "మా డాక్టరమ్మ" అన్నడు. ఎట్ల చెప్పాలె.

మ్యాక గురించి రాయనీకి ఏం లేదు. అది ఊకెనే ఉంటది.

సృజన


జగిత్యాల
నవంబర్

చిన్నమ్మా,

ఎందుకు వచ్చినవు?

కాలేజీ నుంచి ఫోన్ వస్తె మాట్లాడుమన్న, రమ్మనలే. నెమలి అంచు పట్టుచీర కట్టుకొని, సంచిల సర్వపిండి పట్టుకొని, అందరు చూస్తుండంగ ఆఫీసు ముంగట నిలవడ్డవు. ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిపిచ్చింది. "రోజు ఈ పిల్ల క్లాసుల ఉన్నదని అందరు అంటున్నరు, మరి హాజరు ఎందుకు లేదు?" అన్నది. నేను నిలవడ్డ. నువ్వన్న ఏమన్న చెప్తవనుకున్న. నువ్వు కూడ నా దిక్కే చూసినవు.

మేడం ఏమన్నదో విన్నవు గద. ఈ నెల ఆఖరు దాక టైం. ఆ లోపట పలుకుడు షురూ చేస్తె పాతవి మాఫ్, లేకపోతె అమ్మ రావాలె. ఇప్పుడు హాస్టల్ మొత్తం తెలిసింది. "మీ ఆంటీ మంచిగ మాట్లాడింది, నీకెందుకు రాదు మాట?" అని అడుగుతున్నరు.

నీ సర్వపిండి తినలే. పక్క రూమోళ్లు తిన్నరు.

ఇంకోసారి నన్ను మ్యాక గురించి అడగకు.

సృజన


సిరిసిల్ల
నవంబర్

సృజనా,

ఫోన్ నాకు వచ్చింది, నేను వచ్చిన. నువ్విచ్చిన నంబరే గద.

నీ తరుపున నేను చెప్పచ్చు. అట్ల చెప్తె మేడం నా మాట రాసుకుంటది, నీది కాదు. గందుకే ఊకున్న. బస్సుల కూసున్నంక నాకు కూడ మంచిగ అనిపియ్యలే. చీర సంగతికి వస్తె, నాకున్న మంచి చీర గదొక్కటే, ఆ నెమలిని నేనే గీసిన.

నేను మ్యాక గురించి అడిగింది దసరాకు ముందు, ఒక్కసారే. కోడి రాసినవు, కుక్క రాసినవు, పిల్లి రాసినవు, మ్యాక దగ్గర ఆగిపోయినవు. ఇప్పుడు అడగకముందే కోపానికి వచ్చినవు. ఏంది బిడ్డా, మ్యాకతోని నీ పంచాయితి?

చెప్పకున్న పర్వాలే. మిగిలిన పేజీలన్ని అయినయి. పావురాలకు నీళ్లల్ల నానిన పోగు పెట్టిన, సుడి తిరిగి ఆకాశమంత పోయింది. కుక్కకు నువ్వన్నట్టే అన్ని రంగుల పోగులు. పిల్లి పేజీల పోగు పాలగిన్నె మూత కాడికెళ్లి షురూ అయితది, అది చూసి మీ చిన్నాయన పడి పడి నవ్విండు. ఆఖరు పేజీ మ్యాకది. అది మాత్రం కుదురుతలేదు. గీ కవర్ల పెట్టిన, చూడు. నోరు మూసుకొని ఉన్నది. ఎన్నిసార్లు గీసిన మూసుకొనే వస్తున్నది.

చిన్నమ్మ


జగిత్యాల
నవంబర్, స్టడీ అవర్

చిన్నమ్మా,

నీ మ్యాక బొమ్మను ఫిజిక్స్ పుస్తకంల దాచిన. ఇవ్వాళ క్లాసుల తెరిస్తె నా దిక్కు చూసింది.

చెప్త. చదివి చింపెయ్యి.

కాలేజీ మొదటి రోజు. సాయినాథ్ సార్ పేరు పిలిచిండు. నేను "ప్రెజెంట్ సార్" అన్న. భయమైంది, కొత్త గద, గొంతు వణికింది. సన్నగ, సాగి వచ్చింది. ఎనక బెంచీలకెళ్లి ప్రణీత "మ్మే..." అన్నది. అంతే, ఆ బెంచీ మొత్తం నవ్వింది. తెల్లారి నేను పలుకంగనే అందరు కలిసి "మ్మే". తర్వాతి రోజు నా బెంచీ మీద వేపరొట్ట పెట్టిండ్రు, తినుమని. సార్‌కు ఏం తెల్వది, ఆయన రాసుకుంటనే ఉంటడు. గారోజు కాన్నుంచి నాకు గొంతు రాలే. నేను పలుకకపోతె వాళ్లు కూడ అనరు. గందుకే.

పేరు పిలుస్తుంటె ఎనకాల వాళ్లు ఊపిరి ఆపుకొని చూస్తరు, ఇవ్వాళన్న పలుకుతదేమో అని. నాకు ఈపు మీద తెలుస్తది.

ఇంట్ల అమ్మమ్మ మ్యాక నన్ను చూసి "మ్మే" అంటె కూడ నేను చెవులు మూసుకున్న. అమ్మమ్మ చూసింది.

ఇది ఎవ్వలకు చెప్పకు. నిజంగ చింపెయ్యి.

సృజన


కోరుట్ల
నవంబర్ ఆఖరు వారం

బిడ్డా సృజనా,

నీ ఉత్తరం చింపేసిన. పొయ్యిల వేసిన.

నేను కోరుట్లకు వచ్చిన. రెండు దినాల సంది మీ అమ్మమ్మ మ్యాక ముంగట పీటేసుకొని కూసుంటున్న. మీ అమ్మ "ఏందే రాజమణీ, దానికి పెండ్లి సంబంధం చూస్తున్నవా?" అని నవ్వుతున్నది. దసరా దాకనే అన్న గని, నీ ముచ్చట ఒక్కటి కూడ చెప్పలే, మ్యాకను గీయాలె అన్న, అంతే.

మా అవ్వ లసుమవ్వ సంగతి నీకెరుకే, అడిగినదానికి ఒక్కటి చెప్పదు, అడగనిదానికి పది చెప్తది. "అవ్వా, మ్యాకను ఒకసారి పిలువు" అన్న. పెదవులు కలిపి "ట్ర్ర్ర్ర్" అన్నది. మ్యాక దొడ్డెనకాల ఉన్నది, కనవడ్తలేదు. ఆడికెళ్లే "మ్మే" అన్నది.

"ఇగో, నువ్వు గీ బొమ్మలల్ల చెవులు గీసినవు, మెడలు గీసినవు" అన్నది అవ్వ. "మ్యాకకు అవి కాదు. కోడి ఉరుకుతది, బర్రె ఆలోచన చేస్తది, పిల్లి ఏమిస్తవని చూస్తది. మ్యాక ముందుగాల పలుకుతది. ఆ తర్వాతనే వస్తది."

"పలుకకపోతె ఏం జేస్తవే?"

"పలుకకపోతె ఏమాయెనో అని నేనే పోత. గా మధ్య తెల్లారగట్ల పిలిస్తె పలుకలే. పోయి చూస్తె కాలు కంపల ఇరుక్కున్నది."

అందుకేనట, మీ మ్యాక పలుకుతె ఆమె చేతిలున్న పని ఆపదు. పలుకకపోతెనే లేస్తది.

నేను దాని మూతి దగ్గర మొకం పెట్టి చూసిన. కింది దవడ పక్కకు జరుగుతది. నాలుక వణుకుతది, మెడ సాగుతది, పక్కటెముకలు వణుకుతయి. కడుపులకెళ్లి వస్తది ఆ సప్పుడు, ఒళ్లు మొత్తం కదిలితెనే బయటికి వస్తది. వణుకు తీసేస్తె అది మ్యాక సప్పుడే కాదు. నేను గీసిన మ్యాకలు ఎందుకు నోరు మూసుకున్నయో సమజైంది, నేను వాటిని కదలకుండ నిలవెట్టిన.

ఇగ పోగు. కొత్త పోగు పెడితె ఆ వణుకు రాలే, సీదగ పోతున్నది. మీ అమ్మ పెట్టెల నీ చిన్నప్పటి లంగ దొరికింది, మా సాంచ మీద నేసిందే. దాని అంచుల ఒక పోగు లాగిన. నేసిన బట్టలకెళ్లి తీసిన పోగు ఎప్పటికి సీదగ రాదు బిడ్డా, ఎక్కడెక్కడ అడ్డపోగు దాన్ని వంచిందో అక్కడక్కడ అట్లనే అల అలగ ఉంటది. కాయితం మీద పెడితె అచ్చం మ్యాక గొంతే.

మిగిలిన పేజీలల్ల పోగు బయటికెళ్లి జంతువు చెవి దాక వస్తది. ఈ పేజీల అట్ల కాదు. మ్యాక నోట్లకెళ్లి షురూ అయి బయటికి పోతది. ఎవలో పిలిచిండ్రు, ఇది పలుకుతున్నది.

దివాకర్ సార్‌కు పంపేముందు నీకు పంపుతున్న. సూది పేజీకే గుచ్చి పెట్టిన, పోగు కొస కుట్టలే. ఎక్కడ ఆపాల్నో తెలుస్తలేదు. నువ్వు చూసి చెప్పు. జల్ది చెప్పు, ఆయన ఎదురుచూస్తున్నడు.

చిన్నమ్మ


జగిత్యాల
నవంబర్, ఆఖరు రోజుకు ముందు రోజు

చిన్నమ్మా,

సూది యేలికి గుచ్చుకున్నది, చెప్పద్దా ముందే?

పేజీని కిటికీల పెట్టుకొని చూసిన. వెనక పావురాలు తిరుగుతున్నయి. మ్యాక కండ్లు సగం మూసుకొని, మెడ సాపుకొని ఉన్నది. చానసేపు చూస్తె నాకు దాని సప్పుడు ఇనవడ్డది, గమ్మతిగ. అది ఏడుస్తలేదు, భయపడ్తలేదు. "ఈడ్నే ఉన్న" అంటున్నది. గంతే అంటున్నది.

ఇవ్వాళ ఫస్ట్ పీరియడ్ సాయినాథ్ సార్‌దే. "మానస" అన్నడు. నేను కిటికీ దిక్కు చూడలే. బెంచీని గట్టిగ పట్టుకున్న. "సృజన" అన్నడు. కడుపులకెళ్లి వచ్చింది చిన్నమ్మా, ఒళ్లంత వణికి, "ప్రె-జెం-ట్ సార్". మొదటి రోజుకన్న ఇంకా ఘోరంగ వచ్చింది. ఎనకాల ఇన్ని దినాల సంది దాచుకున్నట్టు ఒక్కసారే "మ్మే...!"

సార్ తలెత్తిండు. మొదటిసారి చూసిన ఆయన కండ్లు, అద్దాల ఎనకాల. "ఎవలది ఆ మ్యాక?" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకో తెల్వది, అమ్మమ్మ దొడ్డెనకాల మ్యాక యాదికి వచ్చింది. నా నవ్వు బయటికి వచ్చింది, సప్పుడుతోని. సార్ నన్ను చూసిండు.

"నువ్వు రోజు ఇక్కడనే కూసుంటవా అమ్మా?"

"కూసుంట సార్."

రెండో మాట అట్ల వచ్చేసింది. అది కూడ వణికింది.

అంత మంచిగైందని అనుకోకు. కెమిస్ట్రీల మల్ల రాలే. నోరు తెరిచిన, గాలే. జువాలజీల వచ్చింది. ఎనకాల మల్ల అన్నరు, ఈసారి ఇద్దరే. రేపు ఏమైతదో తెల్వది. భయం అట్లనే ఉన్నది. గని నా పేరు ముంగట ఇవ్వాళ "పీ" అని పడ్డది, సార్ రాస్తుంటె చూసిన.

ఆదివారం కాకున్న వార్డెన్ మేడంను అడిగి అమ్మకు ఫోన్ చేసిన. ఫోన్ చూసి అందరు లైను కట్టిండ్రు. వెనక లైను ఉండంగనే మొత్తం చెప్పిన. అమ్మ "గందుకేనా రాజమణి వచ్చి మా మ్యాక ముంగట కూసున్నది!" అన్నది. తర్వాత ముక్కు చీదింది. "నాకు చెప్తె నేను ఏమన్న అంటుంటినా సృజ్జీ?" అన్నది. "అననే అనవు, ఏడుస్తవు" అన్న. లైనుల ఉన్నోళ్లు నవ్విండ్రు. ఆఫీసుల మల్ల అమ్మ నంబరే పెట్టిస్త, నువ్వు ఏమనుకోకు.

పోగు ఆపకు. పేజీ కొస దాక కుట్టి అట్లనే బయటికి వదిలేయ్. పిలిచినోళ్లు ఎవలో వాళ్ల దగ్గరికి పోనీ.

సృజన


సిరిసిల్ల
మరుసటేడు జూలై

బిడ్డా,

పుస్తకం పార్సిల్ పంపిన, అందిందా? ప్రింటుల కూడ ఆ పోగులు నిజమైనవే అనిపిస్తున్నయట. పిల్లలు గోళ్లతోని పీకవట్టిరట. పిల్లలు ఇంతగనం చింపిన పుస్తకం ఇంకోటి లేదని దివాకర్ సార్ సంబురపడ్డడు, మల్ల ప్రింట్ వేస్తున్నడు.

ఒక పని ఉన్నది. పెగడపల్లి దగ్గర ఒక ఊరి అంగన్‌వాడీల సంగీత అని టీచరమ్మ ఉన్నది. నాకు ఫోన్ చేసి "మేడం, మీ పుస్తకంతోని నాకు పెద్ద పంచాయితి వచ్చింది, ఎవలన్న వచ్చి చూడండి" అన్నది. ఏంది అంటె చెప్తలేదు, నవ్వుతున్నది. నీకు దగ్గర. ఇంకో రెండు కాపీలు పట్టుకొని పోయి రాపో. సాంచలు విడిచి నేను రాలేను.

ఫస్టియర్‌ల మార్కులు మంచిగ వచ్చినయని అక్క చెప్పింది. నువ్వు చెప్పలే. ఇంకా దాచుడు పోలేదా నీకు?

చిన్నమ్మ


జగిత్యాల
జూలై, అదే వారం

చిన్నమ్మా,

పోయిన. మానసను తోలుకపోయిన. బస్సు దిగి చేన్ల మధ్యలకెళ్లి నడిచినం, వాన పడి ఆగింది, నేలంత పొగలు. దూరంగ ఎవలో గొర్లను పిలుస్తున్నరు. నడుసుకుంటనే నాకు గాలిల దారాలు కనవడ్డయి, ఇటొకటి, అటొకటి. మానసకు చెప్తె నా నుదురు ముట్టి చూసింది, జరం వచ్చిందేమో అని.

అంగన్‌వాడీ చిన్న గది. పిల్లలు నేల మీద కూసున్నరు. నీ పుస్తకం మధ్యల ఉన్నది, మ్యాక పేజీ నలిగి నలిగి గుడ్డలెక్క మెత్తగ అయింది. మూలకు చిరిగితె టేపేసిండ్రు.

సంగీత టీచర్ నన్ను చూసి "మీ చిన్నమ్మ చేసిన పని చూడు" అన్నది. హాజరు పుస్తకం తీసింది. "రిత్విక్" అన్నది.

"మ్మే!"

"వైష్ణవి."

"మ్మే!"

"చూసినవా?" అన్నది టీచర్. "గీ పుస్తకం వచ్చినకాన్నుంచి ఒక్కడు కూడ 'ఉన్న టీచర్' అంటలేడు. మొన్న సూపర్‌వైజర్ మేడం వస్తె ఆమె ముంగట కూడ ఇదే. ఇంతకుముందు పలుకుడు రాని పిల్ల కూడ, ఇగో, ఆ మూలకు పచ్చగౌను పిల్ల, వాళ్లమ్మను విడిచి ఉండకపోయేది, నోరు తెరవకపోయేది, అది అందరికన్న గట్టిగ అరుస్తది."

పచ్చగౌను పిల్ల పేరు వచ్చింది. కండ్లు మూసుకున్నది. మెడ సాపింది. ఒళ్లు మొత్తం వణికి వచ్చింది ఆ సప్పుడు. నీ బొమ్మ అచ్చం. చూసి గీసినట్టు.

మానస నవ్వి నవ్వి గోడకు ఒరిగింది. నేను నవ్వలే చిన్నమ్మా. నేను పోయి ఆ పిల్ల పక్కన కింద కూసున్న. "టీచర్, నా పేరు కూడ పిలువరా?" అన్న. పేర్లన్ని అయినంక ఆమె నా దిక్కు చూసింది.

"సృజన" అన్నది.

పిల్లలందరు నా మొకం చూస్తున్నరు, ఊపిరి ఆపుకొని.

ఏం పలికిన్నో నీకు నేను చెప్పాల్నా?

సృజన